అడిగి తెచ్చుకున్న బొంత

సైనిక్‌పురి, హైదరాబాద్
జనవరి 6

వదినా,

ఈ కాగితం చదివాకే పెట్టె విప్పండి. మీ సంగతి నాకు తెలుసు, ముందు కత్తెర పట్టుకుని ఆ తర్వాత కళ్ళజోడు వెతుక్కుంటారు.

లోపల పాత పంచెలో చుట్టి ఉన్నదే నేను చెప్పిన ఇంగ్లీషు క్విల్టు. మన మాటలో బొంతే అనుకోండి. కాకపోతే రంగురంగుల ముక్కలుండవు. పైనా కిందా తెల్లగుడ్డ, మధ్యన దూది, కుట్టు కూడా తెల్ల దారంతోనే. లైటు పక్క నుంచి పడేలా పెట్టి చూస్తే ఈకలూ, తాడు మెలికలూ, గులాబీలూ పైకి తేలతాయి. ఇంగ్లండులో ఉత్తరాన బొగ్గుగని పనివాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఇలాంటివి కుట్టేవారట. ఇది కుట్టినావిడ కొడుకు విశాఖ హార్బరు కడుతున్న రోజుల్లో ఇంజనీరుగా వచ్చాడు. తిరిగి వెళ్ళిపోతూ సామాను వేలం వేస్తే అందులో ఇదీ పోయింది. చేతులు మారి మారి మా జయంత్ గారి బీరువాలోకి చేరింది. అంటే ఇది మీ ఊరి మనిషే, చాలాకాలానికి తిరిగొస్తోంది.

జయంత్ గారు సంతోషంగా ఇచ్చారు. "మీ వదినగారి బృందం చూసి నాలుగు కుట్లు నేర్చుకుంటే మంచిదేగా" అన్నారు. ద్వారకా నగర్‌లో మీ ప్రదర్శన అయిన మర్నాడే కొరియరు చేసేయాలి. ఉతకొద్దు. ఎండలో వేయొద్దు. కలరా ఉండలు పెట్టొద్దు. ఆటోనగర్‌లో మీ కుట్టు గది దాటి ఎవరింటికీ పంపొద్దు. ఒక మూల అంచు చిరిగి దూది బయటికొచ్చింది, అక్కడ ఎవరి చేతులూ పడనివ్వకండి. దీనికేమైనా అయితే నా ఉద్యోగమూ, ఉద్యోగంతో పాటు ఇచ్చిన ఈ గదీ రెండూ పోతాయి. వేళాకోళానికి రాయడం లేదు. ఆయన దగ్గరున్న పాత గుడ్డల్ని కాపలా కాయడానికే కదా నాకు జీతం.

ఈ ఉద్యోగం నిలబెట్టుకుంటానని అన్నయ్య ఇప్పటికీ నమ్మడు. విడాకుల తర్వాత మీ ఇంట్లో రెండేళ్ళు హాల్లో పడుకున్నదాన్ని, ఆయన నమ్మకపోవడంలో తప్పేం లేదు. ఆ రెండేళ్ళూ నా చేతికి సూది ఇచ్చి కూర్చోబెట్టింది మీరు. అందుకే ముందు మీరే చూడాలనిపించింది.

జ్వరం మీ చెవుల్ని పట్టుకుపోయాక మనకి ఫోను లేదు. మెసేజీ పెడితే అన్నయ్య ఫోనులోకి వస్తుంది, ఆయన చదివి తనకు నచ్చినంతే మీకు చెబుతాడు. ఉత్తరాలే నయం. కుట్టు గది అడ్రసుకే రాస్తాను.

మధు


గాజువాక
జనవరి 12

మధూ,

కళ్ళజోడు పెట్టుకునే విప్పాను. కావాలంటే సాక్షులున్నారు.

నువ్వు చెప్పిన మా ఊరి మనిషిని చాప మీద పరిచేసరికి ఎనిమిది మంది ఆడవాళ్ళం ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నాం. మా బృందం పుట్టాక అలా జరగడం ఇదే మొదలు. కింద వర్కుషాపులో లేత్ మిషన్లు మాత్రం ఆగలేదట. నాకవి ఎలాగూ వినపడవు, ఈ చెవుడులో అదొక సుఖం. మిగతావాళ్ళ మాటలు పెదవులు చూసి పట్టుకుంటాను. తవిటమ్మ దగ్గర ఆ అవస్థ లేదు. ఏళ్ళ తరబడి వీధుల్లో చేపలమ్మిన గొంతు, నా చెవిక్కూడా అందుతుంది.

తవిటమ్మ ఈమధ్యే చేరింది. సముద్రం ఒడ్డు పేట నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. మొగుడు దాలయ్య ఇప్పటికీ వేటకెళ్తాడు. చదువు లేదు, సిగ్గు అంతకన్నా లేదు. నీ క్విల్టు చూడగానే, "ఓలమ్మో, తెల్లోలు కూడా బొంతలు కుట్టుకుంతారేటి? ఆలకి డబ్బులుంతాయి గదా, దుప్పట్లు కొనుక్కోరేటి?" అంది. నువ్వు రాసిన బొగ్గుగనుల సంగతి చెప్పాను. "అయితే మనలాటోలే" అని పక్కన చతికిలబడింది. తర్వాత ఆ చిరుగు చూసి, "ముసల్దైపోనాదమ్మా పాపం. దీనికో పొర ఎయ్యాల" అంది. చెయ్యి వెయ్యనివ్వలేదులే, కంగారు పడకు.

వాళ్ళ పేటలో పద్ధతి అది. బొంత చిరిగితే అతుకు వెయ్యరు. పైన ఇంకో పాతచీర పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు కుట్టేస్తారు. పాతది కడుపులో ఉండిపోతుంది. తవిటమ్మ ఇంట్లో బొంతకి ఎన్ని పొరలున్నాయో ఆవిడకే తెలియదు. మోయడానికి ఇద్దరు కావాలట.

నా మటుకు నాకు ఆ ఈకల కుట్టు చూస్తుంటే ఏడుపొచ్చింది. ఎందుకని అడక్కు. బొగ్గు మసి ఉతికిన చేతులతో అంత తెల్లటి పని ఎలా చేసిందా ఆ తల్లి అనిపించింది. మేం మీ అన్నయ్య పాత డ్యూటీ చొక్కాలు కోసి ఖాకీ బొంత ఒకటి కుడుతున్నాం, ఇంతవరకు అదే మా గొప్ప. ఇప్పుడు దాని మొహం చూడబుద్ధి కావడం లేదు.

జయంత్ గారికి మా అందరి తరఫునా దండాలు చెప్పు. అడగ్గానే ఇచ్చిన మహానుభావుడు.

సూర్యకళ


సైనిక్‌పురి
జనవరి 17

వదినా,

పొర వెయ్యాలన్న మాట చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. తవిటమ్మగారికి మీరు గట్టిగా చెప్పండి. ఇది కప్పుకునే వస్తువుగా ఎవరూ చూడటం లేదు. చిరుగు చిరుగుగానే ఉండాలి, మరక మరకగానే ఉండాలి. కొత్త దారం ఒక్కటి పడినా దీని విలువ పోయినట్టే.

మార్చిలో ఇంగ్లండు నుంచి ఇద్దరు వస్తున్నారు, ప్రత్యేకంగా దీన్ని చూడడానికి. అది కుదిర్చింది నేనే. ఏడాదిగా వాళ్ళతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి తేదీ ఖాయం చేశాను. ఆ రోజు సవ్యంగా గడిస్తే నా ఉద్యోగం పర్మినెంటు అవుతుంది.

ప్రదర్శన 25న కదా. 26న పంపేయండి. ఒకరోజు కూడా ఆలస్యం చేయకండి. వీలైతే ఎవరి చేతైనా ఫొటో తీయించి ఉత్తరంలో పెట్టండి. మీ మీద నమ్మకం లేక అడగడం లేదు, నా భయం కొద్దీ అడుగుతున్నాను.

దండాలు చెప్పమన్నారు. చెబుతాను.

మధు


గాజువాక
జనవరి 30

మధూ,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు.

ప్రదర్శన బాగా జరిగింది. జనం బాగానే వచ్చారు. కోచింగు సెంటర్ల పిల్లలు ఏసీ కోసం వచ్చి బొంతలు చూసి వెళ్ళారు. చంటిపిల్లల బొంతలన్నీ అమ్ముడైపోయాయి. మీ అన్నయ్య తన ఖాకీ బొంత ముందు నిలబడి, ఈ జేబు నాదే అని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. ఇన్నాళ్ళూ మా పనిని గుడ్డపేలికల గోల అన్న మనిషి. నీ క్విల్టు ముందు నిలబడ్డవాళ్ళు మాత్రం గట్టిగా మాట్లాడలేదు.

తర్వాత మీ అన్నయ్య స్నేహితుడి గృహప్రవేశానికి సబ్బవరం వెళ్ళాం. అక్కడ నా కాలు బెణికింది. అందుకని కొరియరు ఆఫీసుకి వెళ్ళడం పడలేదు. వెళ్తాను. ఫొటో సంగతి కూడా చూస్తాను.

ఇంకో మాట, ఊరికే తెలుసుకుందామని. పాత గుడ్డ మీద కొత్త గుడ్డ వేసి కుట్టేశారనుకో. ఆ కొత్తది విప్పితే పాతదానికి దెబ్బ తగలకుండా వస్తుందా? మీ దగ్గర అలాంటి పని చేసే మనుషులుంటారా? మా వాళ్ళకి చెప్పడానికి పనికొస్తుంది.

ఇక్కడ అందరూ క్షేమం.

సూర్యకళ


సైనిక్‌పురి
ఫిబ్రవరి 4

వదినా,

మీరు ఊరికే తెలుసుకునే మనిషి కాదు. క్విల్టు బాగుందని ఉత్తరంలో ఒక్కచోటా రాయలేదు. అందరూ క్షేమం అని రాశారు. ఏం జరిగింది?

నేనూ ఒకటి చెప్పాలి. చెప్పకపోతే మీకు నా తొందర అర్థం కాదు.

జయంత్ గారు ఇవ్వలేదు. ఆయనకి తెలియదు. డిసెంబరు నుంచి ఆయన దేశంలో లేరు. బీరువా తాళాలు నా దగ్గరున్నాయి. నేనే తీసి పంపాను. సంతోషంగా ఇచ్చారనీ, అలా అన్నారనీ రాసింది నేను కల్పించిన మాట.

ఎందుకు చేశానంటే, మీ ముందు గొప్పగా కనిపించాలని. అంతే. మీ ఇంట్లో మీ అన్నం తిని, మీ చీరలు కట్టుకుని రెండేళ్ళున్నాను. ఒక్కసారి మీకు లేనిది నేను ఇవ్వాలనిపించింది. ప్రదర్శన అయిపోతుంది, వెనక్కి వస్తుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను.

ఆయన 8వ తేదీన దిగుతున్నారు. దానికి ఏమైందో నాకు తెలియదు. ఏమైనా సరే, ఉన్నది ఉన్నట్టు ఇవాళే పంపేయండి. ఎవరితోనూ ఒక్క మాట అనకండి. తక్కినది ఎలా సర్దుకోవాలో నేను చూసుకుంటాను. నాకు ఈ గది తప్ప వేరే చోటు లేదు వదినా. మళ్ళీ సూట్‌కేసు పట్టుకుని అన్నయ్య గుమ్మంలో నిలబడలేను.

మధు


గాజువాక
ఫిబ్రవరి 5

మధూ,

దాచి ఉత్తరం రాశాక నాకు ముద్ద దిగడం లేదు. మొత్తం చెప్పేస్తాను. తిట్టాలనుకుంటే తిట్టు.

ప్రదర్శన మర్నాడు సెలవని కొరియరు ఆఫీసు తెరవలేదు. ఆ పూటే ఆటోనగర్ గదిలో పైన నీళ్ళ ట్యాంకు పగిలి గోడలన్నీ కారాయి. మేం సబ్బవరం బయల్దేరుతున్నాం. క్విల్టు అక్కడ ఉంచలేను, మా ఇంటికి తెద్దామంటే మా తమ్ముడి పిల్లలు దిగబడ్డారు. తవిటమ్మది శ్లాబు ఇల్లు, మంచి ట్రంకు పెట్టె ఉంది. నా చేత్తో నేనే ఆవిడకిచ్చి, వచ్చేదాకా పెట్టెలో పెట్టు అన్నాను. నువ్వు ఎవరింటికీ పంపొద్దన్నావు, నేను పంపాను. అక్కడే నా తప్పు.

కాలు బెణికి నాలుగు రోజులు అక్కడే ఉండిపోయాను. వచ్చాక తవిటమ్మ మూట నెత్తిన పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. విప్పి చాప మీద పరిచింది. మధూ, తెల్లది కనపడలేదు. పైనంతా ఎరుపూ ఆకుపచ్చా గళ్ళ నూలు చీర. ఈ చివర నుంచి ఆ చివరకి కుట్టు. ఆ కుట్టు కూడా వల బాగుచేసే నైలాను దారంతో.

 ఆవిడే చెప్పింది. "అడిగి తెచ్చుకున్న బొంతని సిరుగుతో తిరిగిచ్చేత్తారేటమ్మా? మా పేటలో అయితే మొకాన ఉమ్మేత్తారు. కొత్త పొర ఏసి ఇయ్యాల. మా అమ్మ సీర దాచుకున్నాను, అదేసినాను. మామూలు దారం తెగిపోతాదని దాలయ్య దగ్గర వల దారం అడిగినాను. మరి ఇది నీ మనవల దాకా సిరగదు." అప్పుడు నా మొహం చూసింది. "ఏటైనాదమ్మా? అలా సూత్తన్నావేటి?" అంది.

నేను ఆవిడకి చెయ్యి వెయ్యొద్దని చెప్పానే గానీ, ఎందుకు వెయ్యకూడదో చెప్పలేదు. చెయ్యి వెయ్యొద్దంటే పాడుచెయ్యొద్దని అనుకుంది. తల్లి చీర వేస్తే పాడుచేసినట్టని ఆవిడ కలలో కూడా అనుకోదు.

ఒక మూల విప్పబోయాను. నైలాను దారం లాగితే కింది పాతగుడ్డ దానితో పాటు లేచి పీలికలైంది. రెండు కుట్లకే ఆపేశాను.

ఇది నీ నెత్తి మీదకి రానివ్వను. పరువుగల మనిషి, అడగ్గానే ఇచ్చాడు, ఆయన ముందు నువ్వు తలదించుకోకూడదు. అందుకని జయంత్ గారికి నేనే ఉత్తరం రాశాను. మీరు పెద్దమనసుతో ఇచ్చినదాన్ని మేం పాడుచేశాం, మధు తప్పు ఇసుమంతైనా లేదు అని రాశాను. నీ అడ్రసే ఆయన అడ్రసు కదా, దీనితో పాటే ఆ ఉత్తరమూ డబ్బాలో వేస్తున్నాను.

సూర్యకళ


సైనిక్‌పురి
ఫిబ్రవరి 10

వదినా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళాయి. నేను ఎవరితోనూ అనొద్దని రాసింది మీకు చేరేసరికి మీది ఇక్కడికి వచ్చేసింది. నాది నాకు అందింది. ఆయనది ఆయనకి అందింది.

ఆయన వచ్చిన మర్నాడే నన్ను పిలిచారు. మీ ఉత్తరం బల్ల మీద ఉంది. "నేను పెద్దమనసుతో ఏం ఇచ్చాను మధులతా?" అని అడిగారు. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచరు.

ఇప్పుడు రాయబోయేది చదివి మీరు నన్ను అసహ్యించుకుంటారు.

నేను పంపలేదని చెప్పాను. శుభ్రం చేయించడానికి వైజాగ్ తీసుకెళ్ళాననీ, మీ దగ్గర ఒక్కపూట పెట్టాననీ, మీ బృందంలో తవిటమ్మ అనే ఆవిడ ఎవరికీ చెప్పకుండా పట్టుకుపోయిందనీ చెప్పాను. మీరు నన్ను కాపాడాలని అలా రాశారన్నాను. ఆయన ఆవిడ పేరు, మొగుడి పేరు, సముద్రం ఒడ్డు పేట అనీ కాగితం మీద రాసుకున్నారు. విశాఖలో ఎవరో తెలిసిన పోలీసు అధికారి ఉన్నారట, నా ఎదురుగానే ఫోను చేశారు. పోయింది అన్నారు. పోయింది అంటే ఏమిటో నాకు తెలుసు. 

మీరు ఆ ఉత్తరం రాయకపోయి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఎవరు అడిగారు మిమ్మల్ని? మంచితనం చూపించుకోవడానికి నా ఉద్యోగమే దొరికిందా?

ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. నాకు కోపంగా ఉంది, భయంగా ఉంది, ఆ రెండూ ఎవరి మీదో కూడా తెలియడం లేదు.

మధు


గాజువాక
ఫిబ్రవరి 15

మధులతకు,

నువ్వు అడిగినదానికి ముందు జవాబు. నేను ఆ ఉత్తరం రాయడానికి కారణం నువ్వు నాకు అబద్ధం చెప్పడం. ఇచ్చినాయనకి చెప్పడం మర్యాద అనుకున్నాను. ఇవ్వలేదని నాకెలా తెలుస్తుంది?

ఇక ఇక్కడ జరిగింది విను.

పోలీసు జీపు పేటలోకి వచ్చేసరికి దాలయ్య అప్పుడే వేట నుంచి వచ్చి వల దులుపుతున్నాడట. పేట నుంచి ఒకావిడ పరిగెత్తుకొచ్చి కుట్టు గది తలుపు బాదింది. తలుపు అదరడం చూసి తీశాను. నేను స్టేషను చేరేసరికి తవిటమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. క్విల్టు ఒళ్ళో పెట్టుకుంది. అంతకు ముందే ఆ మూట నెత్తిన పెట్టుకుని పేట మధ్య నుంచి నడిచి జీపెక్కిందట. నీ క్విల్టుని ఆవిడకి ఎందుకు తిరిగిచ్చానని అడుగుతావేమో. విప్పే దారి ఆలోచిస్తానని ఆవిడే అడిగి తీసుకెళ్ళింది, పంపేయమన్న నీ ఉత్తరం ఆ తర్వాతే అందింది.

ఎస్సై మంచిగానే మాట్లాడాడు. వస్తువు పోయిందని ఫిర్యాదు వచ్చిందమ్మా అన్నాడు. "పోతే నా ఒళ్ళోకెలా వచ్చినాది బాబూ? నాను దొంగతనం సేత్తే మా అమ్మ సీర దాని మీద ఎందుకు కుట్టేత్తాను?" అంది తవిటమ్మ. ఆ కుర్రాడు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు. దాలయ్య గుమ్మం దగ్గర తడిబట్టలతోనే నిలబడ్డాడు. "ఇన్నేళ్ళల్లో నా ఇంటికి పోలీసోడు రానేదమ్మా" అని నాతో అన్నాడు. నాకు వినపడలేదనుకుని మళ్ళీ అన్నాడు. మొదటిసారే అందింది.

నా చేత్తో నేనే ఆవిడకి ఇచ్చానని రాసి సంతకం పెట్టాను. ఆవిడని ఇంటికి పంపారు. కానీ ఫిర్యాదు ఇచ్చినాయన వెనక్కి తీసుకుంటే తప్ప ఇది మూయలేనన్నాడు ఎస్సై. నెలాఖరుకి తవిటమ్మని మళ్ళీ రమ్మన్నాడు.

బయటికొచ్చాక ఆవిడ అడిగింది, "నా పేరు ఎవులు సెప్పినారమ్మా?" అని. తెలియదని అనొచ్చు. నీ పేరు చెప్పాను. "ఆ పిల్ల నన్ను సూడనేదు గదా" అంది.  ఆవిడ గట్టిగా మాట్లాడకపోవడం నేను ఆ రోజే చూశాను. బస్సెక్కేదాకా నాకు మాట అందేలా ఒక్కటీ అనలేదు.

నువ్వు బీరువా తీశావన్న సంగతి నేను ఎస్సైకి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పూటే తేలిపోయేది. నా నోటి దాకా వచ్చింది. నువ్వు చెప్పాల్సిన మాట అది, నేను చెబితే నువ్వు దొంగవి అవుతావు. నువ్వే చెబితే తప్పు చేసిన మనిషివి అవుతావు. ఆ తేడా కోసం ఆగాను. నెలాఖరు వరకే ఆగుతాను. ఆ తర్వాత నువ్వు మా ఆయన చెల్లెలివని చూడను.

సూర్యకళ


సైనిక్‌పురి
ఫిబ్రవరి 19

వదినా,

మీ ఉత్తరం అందిన గంటలోనే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆలస్యం చేస్తే నా మనసు మళ్ళీ ఏదో ఒక కథ అల్లుతుందని తెలుసు.

ఆయన కాఫీ తాగుతున్నారు. నిలబడే చెప్పాను. తాళాలు తీసిందీ, పెట్టెలో పెట్టిందీ, మీకు రాసిన అబద్ధమూ, ఆయనకి చెప్పిన అబద్ధమూ. తవిటమ్మగారు ఎవరో నేను ఎప్పుడూ చూడలేదని కూడా చెప్పాను. అది చెబుతున్నప్పుడే నాకు ఏడుపొచ్చింది. తక్కినదానికి రాలేదు.

ఆయన కప్పు కింద పెట్టారు. "అడిగి ఉంటే ఇచ్చేవాడినేమో" అన్నారు. వదినా, ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ నా ముందే ఫోను చేశారు. స్టేషనుకి కాగితం కూడా పంపారు. ఇక ఆ చీర ఆయనకి అక్కర్లేదట. దాన్ని విప్పి, కిందది ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలో పంపమన్నారు. చిరిగినా పరవాలేదు, కత్తెరతో అడ్డదిడ్డంగా కోయకుండా చేత్తో విప్పించమన్నారు. ఇంగ్లండు వాళ్ళు వస్తే ఏం జరిగిందో ఆయనే చెబుతారట. వాళ్ళు వచ్చేనాటికి నేను ఇక్కడ ఉండను. తాళాలు ఇచ్చేశాను. నెలాఖరుకి గది ఖాళీ చేయాలి.

తవిటమ్మగారికి ఏం చెప్పాలో తెలియడం లేదు. మీరు నా తరఫున చెప్పండి అని రాయబోయి ఆగాను. అదీ మీ మీదకే తోసేసినట్టవుతుంది. ఆవిడ తల్లి చీర మాత్రం చిరగనివ్వకండి.

అన్నయ్యకి ఏం చెప్పినా మీ ఇష్టం. రేపటి నుంచి హాస్టళ్ళు వెతుకుతాను. మీ ఇంటికి రానా అని అడగడం లేదు.

మధు


గాజువాక
ఫిబ్రవరి 23

మధూ,

ఎస్సై నిన్న తవిటమ్మని పిలిచి, క్విల్టు తిరిగిచ్చి, అయిపోయిందమ్మా, ఇక రానక్కర్లేదు అన్నాడు. దాలయ్య ఇవాళ వేటకెళ్ళాడు.

మీ అన్నయ్యకి నేనే చెప్పాను. రెండు పూటలు అరిచాడట. నాకు వినపడలేదు. మూడో పూటకి వచ్చి ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా, "హాస్టల్లో ఎందుకు?" అన్నాడు. అది మాత్రం చదివాను.

ఇక అసలు సంగతి. తవిటమ్మ ఇవాళ క్విల్టుతో కుట్టు గదికి వచ్చింది. విప్పే దారి దొరికిందట. నైలాను దారాన్ని లాగకూడదు. పైన ఒకరు ఒక్కొక్క కుట్టూ కోస్తుంటే, కింద ఒకరు పాతగుడ్డని అరచేత్తో అదిమి పట్టుకుని ఆ దారం ముక్క జార్చుకోవాలి. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. మేం మిగతా ఏడుగురమూ నేను కూర్చుంటానంటే నేను కూర్చుంటానన్నాం. వద్దంది. "మీకేటి పని ఇందులో? దాన్ని బీరువాలోంచి తీసిందెవులు, ఆ పిల్లనే రమ్మనండి" అంది.

వస్తే ఏమంటావని అడిగాను. "ఏటీ అనను. ఆ పిల్లతోటి నాను మాటాడను. పని సేత్తాను" అంది. దిగులుగా చూశాను కాబోలు, మళ్ళీ తనే, "మా అమ్మ సీర నాకు నిండుగా గావాలమ్మా. ఆ పిల్లకి ఆ తెల్లది గావాల. ఇద్దరం భయపడతా సేత్తేనే ఏదీ సిరగదు" అంది.

నెల పడుతుందో రెండు నెలలు పడుతుందో తెలియదు. ఆ రోజులన్నీ ఆవిడ నీతో మాట్లాడదు, నాకు తెలుసు. నువ్వు ముందుగా మాట్లాడకు. ఏడవకు కూడా, గుడ్డ తడుస్తుంది.

దువ్వాడలో దిగు, మీ అన్నయ్య స్టేషనుకి వస్తాడు. గోళ్ళు కత్తిరించుకుని రా.

మీ వదిన